ఎన్నికలొస్తే స్టేషన్‌కు చేరే తుపాకీ.. ఇల్లాలు భయపడితే ఎందుకు చేరదు?

ఎన్నికల షెడ్యూల్ వచ్చిందంటే చాలు, పోలీస్ స్టేషన్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మీ లైసెన్స్ తుపాకీ తెచ్చి డిపాజిట్ చేయండి" అని. పాలకుర్తి స్టేషన్ అయినా, జనగామ అయినా, వరంగల్ అయినా ఇదే పద్ధతి. 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికలకు ముందు ఇదే జరిగింది. 2024 మే లోక్‌సభ ఎన్నికలకు ముందూ ఇదే. బ్యాంకు గార్డుల్లాంటి కొందరికి మినహాయింపు ఇస్తారు. మిగతావాళ్లు తుపాకీ పట్టుకొని స్టేషన్‌కు వస్తారు, రైటర్ రిజిస్టర్‌లో రాసుకుంటాడు, రసీదు చేతిలో పెడతాడు. ఓట్ల లెక్కింపు అయి, కోడ్ ఎత్తేశాక మళ్లీ ఇచ్చేస్తారు. దీని మీద పెద్దగా గొడవ ఉండదు. ఎవరి పరువూ పోయినట్టు కాదు. ఎవరూ నేరం చేసినట్టు కాదు. నాలుగు రోజులు ఊరు ప్రశాంతంగా ఉండాలి, అంతే.

ఇప్పుడు ఇంకో సీను. పాలకుర్తి మండలంలోనే ఒక ఇల్లు అనుకుంటే.. భర్తకు లైసెన్స్ తుపాకీ ఉంది. తాగొచ్చిన రాత్రి భార్యను కొడతాడు. అటక మీది నుంచి తుపాకీ దించి మంచం మీద పెడతాడు. పేల్చడు. గురి కూడా పెట్టడు. ఊరికే అక్కడ పెడతాడు. ఆమెకు విషయం అర్థమవుతుంది. తెల్లారి ఆమె ధైర్యం చేసి స్టేషన్‌కు వెళ్తే ఏం జరుగుతుంది? కౌన్సెలింగ్ జరుగుతుంది. పెద్దమనుషుల పంచాయితీ జరుగుతుంది. మహా అయితే కేసు నమోదవుతుంది. కానీ ఆ తుపాకీ? అది అటక మీదనే ఉంటుంది. ఆమె మళ్లీ అదే ఇంటికి వెళ్తుంది.

ఊరి ప్రశాంతత కోసం వందల తుపాకులను వారం రోజుల్లో స్టేషన్‌కు రప్పించగల వ్యవస్థ, ఒక ఆడమనిషి ప్రాణం కోసం ఒక్క తుపాకీని ఎందుకు రప్పించలేకపోతోంది? చట్టం లేకనా? చట్టాలు వరుసగా చదివితే జవాబు వేరే కనిపిస్తుంది. చట్టం ఉంది. కాకపోతే ముక్కలుగా ఉంది. ఆ ముక్కలను ఒకచోట కలిపే బాధ్యత ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

తుపాకీ అంటే ఏమిటో తెలిసిన గడ్డ

పాలకుర్తికి తుపాకీ భయం కొత్త కాదు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలబడి తన పంటను కాపాడుకున్న చాకలి ఐలమ్మ ఈ గడ్డ మనిషే. పక్కనే ఉన్న కడవెండిలో 1946 జులై 4న దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచే తెలంగాణ సాయుధ పోరాటం భగ్గుమంది. తుపాకీ ఎవరి చేతిలో ఉందో, మాట వాళ్లదే చెల్లుతుందన్న సంగతి ఈ ప్రాంతపు ముసలివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గడీలో తుపాకీ రోజూ పేలేది కాదు. అది అక్కడ ఉందని తెలిస్తేనే చాలు, ఊరు తలవంచేది.

ఇంట్లో తుపాకీ పనిచేసేదీ అట్లనే. చంపడం ఆఖరి మెట్టు. అంతకు ముందు ఏళ్ల తరబడి అది మౌనంగా పనిచేస్తుంది. భార్య పుట్టింటికి ఫోన్ చేయదు. పొరుగువాళ్లు తలుపు తట్టరు. పంచాయితీకి వచ్చిన పెద్దమనుషులు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. అందుకే "పేల్చలేదు కదా, ఊరికే చూపించాడు" అనే మాటకు అర్థం లేదు. చూపించడమే హింస. 2005 గృహహింస చట్టం కూడా ఇదే చెబుతుంది. కొట్టడం ఒక్కటే కాదు, బెదిరించడం, మాటలతో మనసును గాయపరచడం కూడా ఆ చట్టం కింద హింసే.

తెలంగాణ పల్లెల్లో తుపాకులు ఎక్కువేం ఉండవు, నిజమే. ఉన్నవి కొన్ని రకాలు. బ్యాంకుల్లో, ఏటీఎం బండ్ల మీద సెక్యూరిటీగా పనిచేసే మాజీ సైనికుల డబుల్ బ్యారెల్ తుపాకులు. రాజకీయ నాయకులు, రియల్ ఎస్టేట్ వ్యాపారులు ఆత్మరక్షణ పేరుతో తీసుకున్న రివాల్వర్లు. అడవి దగ్గరి ఊళ్లలో పందుల వేటకు వాడే నాటు తుపాకులు. వీటిలో చివరిది పూర్తిగా చట్టవిరుద్ధం. లైసెన్స్ లేకుండా ఉంచుకుంటేనే జైలు. కాబట్టి అక్కడ స్వాధీనం సమస్య తేలిక. అసలు చిక్కు లైసెన్స్ ఉన్న తుపాకీతోనే. "నాకు సర్కారు ఇచ్చింది" అనే ధీమా దాని వెనుక ఉంటుంది.

తుపాకీ తక్కువే అయినా హింస తక్కువ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసకు గురైనట్టు చెప్పారు. దేశం మొత్తం మీద ఇది 29.3 శాతం. ఇంకో లెక్క మరింత బాధాకరం. హింస ఎదుర్కొన్న మహిళల్లో దేశవ్యాప్తంగా సహాయం కోరింది 14 శాతమే. ఎవరికీ చెప్పుకోనివాళ్లే ఎక్కువ. అంటే స్టేషన్ మెట్టు ఎక్కిన ఒక్కో ఆడమనిషి వెనుక, ఎక్కనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఎక్కిన ఆ ఒక్కరినైనా తుపాకీ ఉన్న ఇంటికి తిరిగి పంపకూడదు కదా.

చట్టంలో ఉన్న ముక్కలు

ముందు గృహహింస చట్టం. ఇది 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. మతంతో సంబంధం లేదు. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవురాలైనా ఇదే చట్టం. ఈ చట్టంలో తుపాకీ అనే మాట కనిపించదు. కానీ సెక్షన్ 18 కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఏయే పనులు చేయకూడదో అందులో విడిగా రాయొచ్చు. సెక్షన్ 19(2) కింద బాధితురాలి, పిల్లల భద్రతకు అవసరం అనుకున్న ఏ ఆదేశమైనా ఇవ్వొచ్చు. సెక్షన్ 23 కింద అవతలి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. "తుపాకీ స్టేషన్‌లో అప్పగించాలి" అని రాయడానికి మేజిస్ట్రేట్‌కు ఇంతకన్నా అధికారం అక్కర్లేదు.

చట్టం కింద చేసిన 2006 నిబంధనల్లో అయితే ఆయుధం మాట నేరుగానే ఉంది. 10వ నిబంధన ప్రకారం మేజిస్ట్రేట్ రాతపూర్వకంగా చెబితే, హింసలో వాడిన ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవడానికి రక్షణాధికారి పోలీసుల సాయం తీసుకోవాలి. ఆయుధం అని ఉంది, తుపాకీ అని కాదు. అంటే గొడ్డలి, కొడవలి, కత్తి కూడా ఇందులోకి వస్తాయి. పల్లెల్లో ఎక్కువగా లేచేవి అవే. ఈ నిబంధన వచ్చి ఇరవై ఏళ్లు కావొస్తోంది. దాన్ని పట్టుకొని పిటిషన్‌లో అడిగేవాళ్లు మాత్రం అరుదు.

రెండోది 1959 ఆయుధాల చట్టం. ఇందులో సెక్షన్ 17 లైసెన్స్‌ను సస్పెండ్ చేయడానికి, రద్దు చేయడానికి అధికారికి వీలు ఇస్తుంది. మనిషి తుపాకీ ఉంచుకోవడానికి తగడని అనుకున్నా, ప్రజల శాంతిభద్రతలకు అవసరం అనుకున్నా ఆ పని చేయొచ్చు. సెక్షన్ 22 ఇంకా గట్టిది. ఒక మనిషి దగ్గర ఆయుధం ఉంటే ప్రజల శాంతికి, భద్రతకు ప్రమాదమని నమ్మడానికి కారణం ఉంటే, ఆ ఆయుధానికి లైసెన్స్ ఉన్నా సరే, మేజిస్ట్రేట్ ఆ కారణం రాసి సోదా చేయించి తీసుకెళ్లి భద్రపరచొచ్చు. సెక్షన్ 21 ఏం చెబుతుందంటే.. ఏ కారణంతోనైనా తుపాకీ ఉంచుకునే హక్కు పోతే, ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి.

ఎవరూ నడవని దారి.. బైండోవర్

ఈ రెండు చట్టాలను కలిపే ఒక చిన్న వంతెన ఉంది. దాని పేరు పల్లెల్లో అందరికీ తెలుసు. బైండోవర్.

బెల్లం వ్యాపారుల్ని బైండోవర్ చేశారు, పాత నేరస్థుల్ని బైండోవర్ చేశారు అని రోజూ పేపర్లో చదువుతుంటాం. "గొడవ చేయను, మంచిగా ఉంటాను" అని పూచీకత్తు రాయించుకోవడమే అది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది ఎనిమిదో అధ్యాయం. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ పద్ధతి కొనసాగుతోంది.

ఇప్పుడు ఆయుధాల చట్టం సెక్షన్ 9 చూడాలి. ఎవరెవరు తుపాకీ ఉంచుకోకూడదో అందులో జాబితా ఉంది. 21 ఏళ్లు నిండనివాళ్లు. హింసకు సంబంధించిన నేరంలో శిక్ష పడి, ఆ శిక్ష ముగిసి ఐదేళ్లు కానివాళ్లు. ఆ తర్వాత, శాంతిని కాపాడతానని, మంచి నడవడితో ఉంటానని ఎనిమిదో అధ్యాయం కింద బాండ్ రాయాలని ఆదేశం పొందినవాళ్లు. ఆ బాండ్ గడువు ఉన్నన్ని రోజులు వాళ్లు తుపాకీ ముట్టకూడదు.

మళ్లీ గృహహింస చట్టానికి వస్తే, సెక్షన్ 19(3) కింద "గృహహింస చేయను" అని భర్త చేత బాండ్ రాయించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. ఆ వెంటనే 19(4) అంటుంది.. ఈ ఆదేశాన్ని ఎనిమిదో అధ్యాయం కింద ఇచ్చిన ఆదేశంగానే భావించాలి అని.

రెండూ కలిపితే లెక్క తేలిపోతుంది. గృహహింస కేసులో మేజిస్ట్రేట్ బాండ్ అడిగితే, అది చట్టం దృష్టిలో బైండోవర్. బైండోవర్ అయిన మనిషి తుపాకీ ఉంచుకోకూడదు. ఉంచుకునే హక్కు పోతే స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. మూడు మెట్లు. కొత్త చట్టం అక్కర్లేదు. "గృహహింస చేయను అనే బాండూ, శాంతిగా ఉంటాననే బాండూ ఒకటేనా" అని అవతలి వకీలు వాదించొచ్చు. అందుకే బాండ్ ఆదేశంలోనే శాంతి, సత్ప్రవర్తన అనే మాటలు, తుపాకీ అప్పగింత మాట స్పష్టంగా రాయమని అడగడం మేలు. అడిగితే కదా వచ్చేది.

ఎక్కడ తెగిపోతోంది?

దారి ఉండి కూడా తుపాకీ ఇంట్లోనే ఉండిపోవడానికి కారణాలు నాలుగు.

మొదటిది, ఒక ఆఫీసు సంగతి ఇంకో ఆఫీసుకు తెలియదు. గృహహింస ఫిర్యాదు రక్షణాధికారి దగ్గర ఉంటుంది, మహిళా శిశు సంక్షేమ శాఖ కింద. తుపాకీ ఫైలు లైసెన్స్ ఇచ్చిన అధికారి దగ్గర ఉంటుంది. కేసు కోర్టులో ఉంటుంది. ఈ మూడింటి మధ్య కాగితం తిరగాలని ఎక్కడా తప్పనిసరి చేయలేదు. లైసెన్సుల వివరాలన్నీ దేశవ్యాప్తంగా ఒక కంప్యూటర్ డేటాబేస్‌లో ఉన్నాయి, ప్రతి లైసెన్స్‌కూ ఒక నంబరు ఉంది. చూడాలనుకుంటే చిటికెలో పని. చూడమని ఎవరూ చెప్పలేదు.

రెండోది, లైసెన్స్ గడువు. 2019 సవరణతో లైసెన్స్ కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. రెన్యువల్ సమయంలోనే పోలీసులు మనిషి గురించి మళ్లీ ఆరా తీసేది. ఐదేళ్లలో ఒక ఇంట్లో ఎన్ని జరగవు? తాగుడు మొదలవుతుంది, అప్పులు పెరుగుతాయి, చెయ్యి లేస్తుంది. ఫైల్లో మాత్రం ఆయన ఐదేళ్ల కిందటి మంచి మనిషే. అదే సవరణ పెళ్లిళ్లలో గాల్లోకి కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు పెట్టింది. ఒక్కొక్కరి దగ్గర ఉండే తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. భార్య మీద చెయ్యెత్తిన మనిషి దగ్గర ఆ రెండు ఉండొచ్చా అని మాత్రం అడగలేదు.

మూడోది, "ప్రజల శాంతి" అనే మాట. లైసెన్స్ రద్దు చేస్తే మనిషి అప్పీలుకు వెళ్తాడు. కేసు నడుస్తున్నంత మాత్రాన లైసెన్స్ తీసేయలేరని హైకోర్టులు, ముఖ్యంగా అలహాబాద్ హైకోర్టు, చాలాసార్లు చెప్పాయి. మొగుడూపెళ్లాల గొడవ ప్రజల శాంతి కిందకు రాదని వాదించడం తేలిక. నాలుగు గోడల మధ్య భయం ఊరి శాంతిలో లెక్కకు రాదన్నమాట. సెక్షన్ 9లో గృహహింస రక్షణ ఉత్తర్వు పేరు లేకపోవడం వల్లే ఈ సందు మిగిలింది. ఆ సెక్షన్ రాసింది 1959లో. గృహహింస చట్టం వచ్చింది 2005లో. రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసే పని పార్లమెంటు చేయలేదు.

నాలుగోది, రక్షణాధికారుల కొరత. చాలా చోట్ల వేరే బాధ్యతలున్న అధికారికే ఇది అదనపు పని. 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను గుర్తించి ఆరు వారాల్లో నియమించాలని. చట్టం అమల్లోకి వచ్చి దాదాపు రెండు దశాబ్దాలయ్యాక ఈ ఆదేశం అవసరం పడిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

డ్యూటీ తుపాకీ ఇంకో సమస్య

2023 అక్టోబర్‌లో కడప జనాన్ని కలచివేసిన ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక పోలీసు ఉద్యోగి తన భార్యను, ఇద్దరు కూతుళ్లను శాఖ తుపాకీతో కాల్చి, తానూ కాల్చుకున్నాడు. ఒక ఇల్లు మొత్తం ఒక్క రాత్రిలో అయిపోయింది. అక్కడ లైసెన్స్ ప్రశ్నే లేదు. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి ఆయుధానికి ఆయుధాల చట్టమే వర్తించదు, సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. కాబట్టి పోలీసు, సాయుధ బలగాల ఇళ్లలో గొడవ ఉంటే కలెక్టర్ చేయగలిగేది ఏమీ లేదు. ఆయుధం ఇవ్వకుండా ఆపాల్సింది శాఖలోని పై అధికారే. భార్య ఫిర్యాదు చేయాల్సింది కూడా భర్త పనిచేసే శాఖ దగ్గరే. ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

లైసెన్స్ తుపాకీ పరువు కోసం తీసుకున్నదే, వాడేది లేదు అనే మాట కూడా నమ్మదగింది కాదు. 1995 జులైలో దేశాన్ని కుదిపేసిన ఢిల్లీ తందూర్ హత్య కేసులో ఒక యువ రాజకీయ నాయకుడు భార్యను కాల్చింది తన రివాల్వర్‌తోనే. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్ తాటిగూడలో ఒక మాజీ మున్సిపల్ ప్రజాప్రతినిధి లైసెన్స్ రివాల్వర్‌తో కాల్పులు జరిపాడు. గాయపడినవారిలో ఒకరు చనిపోయారు. నిందితుడికి 2022లో యావజ్జీవ శిక్ష పడింది. అది ఇంటి గొడవ కాదు. కానీ కోపం వచ్చిన క్షణంలో చేతికందే దూరంలో తుపాకీ ఉంటే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారు?

తుపాకీ హక్కును రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అమెరికా. అక్కడ కూడా గృహహింస రక్షణ ఉత్తర్వు ఉన్న మనిషి తుపాకీ ఉంచుకోవడం 1994 నుంచి నేరం. చిన్నపాటి గృహహింస నేరంలో శిక్ష పడినా సరే తుపాకీ ఉండకూడదని 1996లో చట్టం చేశారు. ఆ రెండోదానిలో పోలీసులకు, సైనికులకు కూడా మినహాయింపు ఇవ్వలేదు. టెక్సాస్‌కు చెందిన రహీమీ అనే వ్యక్తి కేసులో ఈ నిషేధం చెల్లదని కింది అప్పీల్ కోర్టు అంది. 2024 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో ఆ తీర్పును కొట్టేసింది. ఇంకొకరి ప్రాణానికి ముప్పు అని కోర్టు తేల్చిన మనిషి చేతి నుంచి తుపాకీని తాత్కాలికంగా తీసేయడం తప్పు కాదని చెప్పింది.

అయితే నిషేధం వేరు, తుపాకీ నిజంగా చేతులు మారడం వేరు. ఎవరికి అప్పగించాలి, ఎన్ని గంటల్లో, రసీదు ఎవరు చూడాలి అన్నది అక్కడ రాష్ట్రాలకు వదిలేశారు. కాలిఫోర్నియాలో ఉత్తర్వు అందిన 24 గంటల్లో అప్పగించాలి, 48 గంటల్లో రసీదు కోర్టుకు చూపాలి. అన్ని రాష్ట్రాల్లో ఇంత కట్టుదిట్టం లేదు. డాలస్, హ్యూస్టన్‌లకు ఆడపిల్లల్ని పంపిన వరంగల్, జనగామ తల్లిదండ్రులు ఇది తెలుసుకోవడం మంచిది. ఇంకో సంగతి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడ తుపాకీ ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు, పౌరసత్వం వచ్చినవాళ్లకు ఆ అడ్డు లేదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. గృహహింస మధ్యంతర ఉత్తర్వు వచ్చిన వెంటనే తుపాకీ లైసెన్స్ దానంతట అదే సస్పెండ్ అవుతుంది. తుది ఉత్తర్వు వస్తే రద్దవుతుంది. ఏ అధికారీ ఆలోచించి నిర్ణయం తీసుకోనక్కర్లేదు. బాధితురాలు వేరే దరఖాస్తు పెట్టనక్కర్లేదు. కెనడా కూడా 2023 చివర్లో ఆమోదించిన చట్టంతో ఇదే బాటలో నడిచింది.

భారత్‌లో ఈ పని మరింత తేలిక కావాలి. ఎందుకంటే ఇక్కడ తుపాకీ హక్కు కాదు, సర్కారు ఇచ్చే అనుమతి మాత్రమే. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌కు చెందిన కేసులో అక్రమ ఆయుధాల మీద సుమోటోగా విచారణ మొదలుపెట్టినప్పుడు సుప్రీంకోర్టు ఈ మాటే గుర్తుచేసింది. అమెరికాలో లాగా ఇక్కడ ఆయుధం పట్టే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని.

అభ్యంతరాలు, వాటిలో నిజం

అబద్ధపు కేసులు పెడితే ఎలా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఇక్కడ అడుగుతున్నది జైలు కాదు, జప్తు కాదు. డిపాజిట్. రసీదు ఉంటుంది. కేసు తేలాక, ముప్పు లేదని కోర్టు అంటే తుపాకీ వెనక్కి వస్తుంది. ఎన్నికల ముందు ఏ తప్పూ చేయనివాళ్లు కూడా తెచ్చి ఇస్తున్నారు కదా. ఫిర్యాదు అబద్ధమైతే భర్త కొన్ని నెలలు తుపాకీ లేకుండా ఉంటాడు. ఫిర్యాదు నిజమై, తుపాకీ ఇంట్లోనే ఉంటే పోయే ప్రాణం వెనక్కి రాదు. తక్కెడలో ఏది బరువో చెప్పనక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. సెక్యూరిటీ గార్డు తుపాకీ అతని కూడు. లైసెన్స్ పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఫిర్యాదు చేసిన భార్య, పిల్లలే ముందు పస్తులుంటారు. ఇది తెలిసే చాలామంది ఆడవాళ్లు తుపాకీ మాట ఎత్తరు. "కొట్టాడు" అని చెబుతారు, "తుపాకీ తీశాడు" అని చెప్పరు. ఆ మౌనాన్ని అర్థం చేసుకోకుండా ఎన్ని నిబంధనలు రాసినా లాభం లేదు. దీనికి దారి లైసెన్స్‌ను ఒక్కసారిగా రద్దు చేయడం కాదు. కేసు నడిచినన్ని రోజులు తుపాకీని స్టేషన్‌లోనో, డ్యూటీ చేసే చోటనో ఉంచి, ఇంటికి మాత్రం రాకుండా చూడొచ్చు. సంస్థ అతన్ని కొంతకాలం ఆయుధం లేని డ్యూటీకి మార్చొచ్చు. భరణం ఆదేశం కూడా అదే రోజు అడగొచ్చు. గృహహింస చట్టం సెక్షన్ 20 ఆర్థిక సాయానికి వీలు ఇస్తుంది. తుపాకీ, అన్నం.. రెండింట్లో ఒకటి ఎంచుకో అని ఆమెకు చెప్పే పరిస్థితి రాకూడదు.

మూడోది పెద్దమనుషుల మాట. "ఇంటి గుట్టు స్టేషన్‌కెక్కిస్తారా" అని. కులపెద్దలైనా, జమాత్ పెద్దలైనా రాజీ కుదర్చడం తప్పేం కాదు. కానీ తుపాకీ ఉన్న ఇంట్లో రాజీ పత్రం మీద పెట్టే సంతకం ఆమె ఇష్టంతో పెట్టిందో, భయంతో పెట్టిందో ఎవరు చెప్పగలరు? ముందు తుపాకీ బయటకు రావాలి. తర్వాత పంచాయితీ కూర్చోవాలి. పెద్దలే ముందుండి ఈ షరతు పెడితే అంతకన్నా గౌరవం లేదు.

రాష్ట్రం చేతిలో ఉన్నది, ఆమె చేతిలో ఉన్నది

ఆయుధాలు కేంద్ర జాబితాలోని అంశం. సెక్షన్ 9లో గృహహింస ఉత్తర్వును చేర్చాలంటే పార్లమెంటే చేయాలి. అది జరగాలి కూడా. కానీ అంతదాకా ఆగనక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. గృహహింస ఫిర్యాదు వచ్చిన రోజే ఆ ఇంట్లో లైసెన్స్ ఉందో లేదో స్టేషన్‌లో చూడాలి. ఉంటే ఆ సంగతి మేజిస్ట్రేట్‌కు, లైసెన్స్ అధికారికి రాతలో తెలపాలి. డిపాజిట్ చేసిన తుపాకీని కోర్టు అనుమతి లేకుండా వెనక్కి ఇవ్వకూడదు. పోలీసు ఉద్యోగి మీద ఫిర్యాదు వస్తే విచారణ తేలేదాకా ఆయుధం లేని డ్యూటీ వేయాలి. ఎన్నికల సమయంలో వాడే రిజిస్టరే దీనికీ వాడొచ్చు. కొత్త పుస్తకం కూడా కొననక్కర్లేదు.

బాధితురాలి వైపు నుంచి చూస్తే, మొదటి ఫిర్యాదులోనే తుపాకీ మాట రాయించడం ముఖ్యం. ఎప్పుడు చూపించాడు, ఏమన్నాడు, ఎక్కడ ఉంచుతాడు అనేవి. సఖి కేంద్రంలో కానీ, రక్షణాధికారి దగ్గర కానీ గృహహింస నివేదిక రాసేటప్పుడే ఈ వివరం ఎక్కాలి. పిటిషన్‌లో సెక్షన్ 18, 19 కింద తుపాకీ అప్పగింతను, 19(3) కింద బాండ్‌ను, సెక్షన్ 23 కింద వెంటనే మధ్యంతర ఉత్తర్వును కలిపి అడగాలి. చట్టం ప్రకారం మొదటి వాయిదా సాధారణంగా మూడు రోజుల్లో పడాలి. ఉత్తర్వు వచ్చాక దాని నకలు లైసెన్స్ అధికారికి చేరిందో లేదో చూసుకోవాలి. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ ఉచితంగా వకీలును ఇవ్వాల్సిన బాధ్యత జిల్లా న్యాయ సేవాధికార సంస్థది. ఆ సంస్థల హెల్ప్‌లైన్ 15100. మహిళల హెల్ప్‌లైన్ 181. ప్రాణం మీదికి వస్తే 112. ఒక్కటి మాత్రం మరవకూడదు. తుపాకీని దాచేయాలని, బావిలో పారేయాలని తానే ముట్టుకోవద్దు. అది పేలే ప్రమాదం ఒకటి, కేసు ఆమె మీదికే తిరిగే ప్రమాదం ఇంకొకటి. ఆ పని పోలీసులదే.

పాలకుర్తి స్టేషన్‌లో వచ్చే ఎన్నికలకు మళ్లీ ఆ రిజిస్టర్ తెరుస్తారు. తుపాకులు వరుసగా వస్తాయి, రసీదులు వెళ్తాయి. ఎవరూ ఎందుకని అడగరు. ఓటు భద్రంగా పడాలంటే తుపాకీ ఇంట్లో ఉండకూడదని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి. ఓటు వేసి ఇంటికొచ్చిన ఇల్లాలు కూడా భద్రంగా పడుకోవాలని ఒప్పుకుంటే, అదే రిజిస్టర్‌లో ఇంకో పేజీ తెరవడం పెద్ద పనేం కాదు.